సార్ ఇంటామె గురించి ఒక పేజీ

బళ్లారి కంటోన్మెంటులోని క్రైస్తవ సంఘం, మరుగున పడిన స్త్రీల చరిత్రను వెలికితీయడానికి ఏడుగురు సభ్యులతో ఒక కమిటీని నియమించింది. ఏడుగురూ పురుషులే. స్త్రీలను కూడా వేయాలనే అనుకున్నారు; అయితే మీటింగు రోజున టిఫిన్లు ఎవరు చెయ్యాలన్న ప్రశ్నకు సరైన జవాబు దొరకలేదు.

పుస్తకం రాసే బాధ్యత బడిపంతులు దయాసాగర్‌కు అప్పగించారు. భార్య పోయి మూడు నెలలైంది, ఏదో ఒక పని ఉంటే మనసు మళ్లుతుందని అధ్యక్షుడు స్టీవెన్ దయతలచాడు. దయాసాగర్ ఒప్పుకున్నది భార్య గురించి ఒకే ఒక్క పేజీ కోసం. ఆమె ఇరవై రెండేళ్లు, ప్రతి ఆదివారం మధ్యాహ్నం సండూరు బస్సెక్కి, గనుల్లో కూలికి పోయే ఆడవాళ్లకు చదువు నేర్పింది. ఆ సంగతి పుస్తకంలో ఉంటే చాలు.

పని చకచకా సాగింది. ఈజిప్టు రాణులకు ముప్పై పేజీలు, చైనా కవయిత్రులకు ఇరవై, ఆఫ్రికా వీరవనితలకు పద్దెనిమిది. వారి భర్తలెవరూ బళ్లారిలో లేనందున అభ్యంతరాలు రాలేదు.

స్థానిక స్త్రీల దగ్గరికి వచ్చేసరికి కమిటీ ఆధారాలు కోరింది. సండూరు పని తాలూకు వార్షిక నివేదికలు తీశారు. ఇరవై రెండింటి కిందా దయాసాగర్ సంతకమే ఉంది.

“ఇదంతా నువ్వు చేసినట్టే ఉండాది కదప్పా,” అన్నాడు స్టీవెన్.

“పని ఆమెది. సంతకం నాది.”

“మరి అప్పుడే ఆయమ్మ పేరు రాయకపోతివేమప్పా?”

దయాసాగర్‌కు అప్పుడు ఆ ఆలోచనే రాలేదు.

సండూరు నుంచి గని కూలి దురుగమ్మను సాక్షిగా పిలిపించారు.

“నాకు అచ్చరాలు దిద్దిచ్చింది సార్ ఇంటామే. లారీల దుమ్ములో కూసోని నేర్పిచ్చె.”

“ఆయమ్మ పేరేంది?”

“పేరు యాడ అడుగుతామన్నా! సార్ ఇంటామె అంటే సార్ ఇంటామే.”

‘సాక్షికి సదరు వ్యక్తి పేరు తెలియదు’ అని మినిట్స్‌లో నమోదు చేసి, కింద దురుగమ్మ చేత సంతకం చేయించారు. ఆమె తడుముకోకుండా, ఒత్తుతో సహా పెట్టింది.

దయాసాగర్ బతిమాలగా చివరి పేజీలో అతని భార్య ఫోటో వేయడానికి సమ్మతించారు. ఫోటో కింద అతను ఆమె పేరు రాసిచ్చాడు. స్టీవెన్ కొట్టేశాడు.

“ఈ పేరు ఎవురికి తెలుసప్పా? చూసినోళ్లు గుర్తుపట్టొద్దా?”

‘శ్రీ దయాసాగర్ గారి సతీమణి’ అని అచ్చయింది.

ఆవిష్కరణ సభలో స్త్రీల చరిత్రను కాపాడినందుకు ఏడుగురికీ శాలువాలు కప్పారు. సభ ముగిశాక దయాసాగర్, చివరి మనిషి వెళ్లేదాకా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. అందరూ పుస్తకం బాగుందన్నారు. ఫోటోలో ఉన్నావిడ పేరేమిటని ఒక్కరూ అడగలేదు.

ఇంతదాకా చదివిన తమరు కూడా అడగలేదు. సహకరించినందుకు కమిటీ తరఫున కృతజ్ఞతలు.