ఫైర్‌ప్రూఫ్ కొర్రమీను

శామీర్‌పేట దగ్గరి చెరువులో పట్టిన కొర్రమీను కొవ్వులో, సోఫాలకూ టీవీలకూ మంటలంటుకోకుండా కలిపే రసాయనం పేరుకుపోయి ఉందని ల్యాబ్ తేల్చింది.

మత్స్యశాఖలో చిన్న ఆఫీసర్ సృజన ఆ రిపోర్టు పట్టుకుని మాజీ సర్పంచ్ ధర్మేందర్ ఇంటికి పరుగెత్తింది. తెల్లారితే మృగశిర కార్తె. చేప తినని ఇల్లుండదు. ఆ చెరువు చేపలతోనే ఆయన ఊరందరికీ భోజనం ప్రకటించాడు. ఆపకపోతే పసిపిల్లలతో సహా అందరూ ఆ రసాయనం తింటారు.

ధర్మేందర్ సామాన్యుడు కాడు. ప్రమాదంలోంచి పథకం పుట్టించగల దార్శనికుడు. గంటలో ప్రెస్ మీట్ పెట్టి, నిప్పంటుకోని చేప దేశంలో మన మేడ్చల్ వైపే దొరుకుతుందని ప్రకటించాడు. రిపోర్టును ప్రతిపక్షం కుట్రగా గుర్తించాడు. అయినా పారదర్శకత కోసం తన అధ్యక్షతన నిజనిర్ధారణ కమిటీ వేశాడు. కమిటీ చెరువు గట్టు మీద సమోసాలు తిని, తప్పు వానదని తేల్చింది.

మర్నాడు ఫంక్షన్ హాల్లో డేగిసాలు దిగాయి. సృజన వంటవాళ్లను బతిమాలింది. తహసీల్దార్‌కు ఫోన్ చేస్తే, ఆయన అప్పటికే భోజనాల లైన్లో ఉన్నానన్నాడు. చివరికి ధర్మేందర్‌కే అడ్డుపడింది.

"నీళ్లు టెస్ట్ చేయించిన మేడమ్. సాఫ్ ఉన్నయి. ఇంకేంది పరేషాన్?"

"నీళ్లల్ల కాదు సార్, బురదల ఉంది. బురదను పురుగులు తింటయి. పురుగులను చిన్న చేపలు, వాటిని కొర్రమీను. తిన్నది బయటికి పోదు, కొవ్వుల జమైతది. పైకి పోయినకొద్దీ ఎక్కువ."

"అచ్చం మా పార్టీ లెక్కనే ఉందే," అని ఆయన ముచ్చటపడ్డాడు.

"అన్నిట్ల పెద్ద చేప ఏది సార్? దాంట్లనే అన్నిటికన్నా ఎక్కువుంటది."

ధర్మేందర్ నవ్వు ఆగింది. వల లాగగానే అన్నిటికన్నా పెద్ద చేపను నాయకుడి ఇంటికి పంపడం ఆ ఊరి మర్యాద. పొద్దున చెయ్యంత పొడుగు కొర్రమీను ఆయనింటికే వెళ్లింది, పురిటికొచ్చిన కూతురు సహస్రకు బలమని.

"కడుపుతోటి ఉన్నోళ్లు తింటే?" గొంతు తగ్గించి అడిగాడు.

"కడుపుల బిడ్డకు గూడ చేరుతది సార్. మెదడు మీద పడొచ్చంటున్నరు."

ఆయన వెంటనే ఇంటికి ఫోన్ కలిపాడు. చెవిటితనం వల్ల ఎప్పుడూ స్పీకర్ మీదే మాట్లాడతాడు. సహస్ర అప్పుడే కంచం ముందు కూర్చుంది. తినొద్దంటే నవ్వింది. తండ్రి ప్రెస్ మీట్ రెండుసార్లు చూసిందట.

"కుట్ర అని నువ్వే చెప్పినవ్ కద బాపూ. ఇప్పుడు నువ్వు గూడ వాళ్ల మాట నమ్ముడేంది?"

ఆయన రిపోర్టు నిజమన్నాడు. నమ్మలేదు. మేడమ్ మంచిదన్నాడు. అసలే నమ్మలేదు. అవతల కంచం మీద గరిటె తగిలిన చప్పుడు వినిపించింది. ధర్మేందర్ గోడవైపు తిరిగాడు.

"జర విను బిడ్డా. గోదాముల పాత టీవీ డబ్బాలు, సోఫాల స్పాంజి, రెండేండ్ల సంది చెరువుల పోయించింది నేనే. ముద్ద కింద పెట్టు, నీకు దండం పెడ్త. ఇగ ఉంట, ఈడ జనం లైన్ల ఉన్నరు, వడ్డన షురూ జెయ్యాలె."