అంగుళం పెంచే సంగీతం

ఆ ఆదివారం ఉదయం టైలరు గారి అమ్మాయి పెట్టుకున్న పని ఒక్కటే: నెల తిరిగేలోగా ఒక అంగుళం పెరగడం. ఊరి వాలీబాల్ జట్టులో చేరాలంటే అయిదడుగుల మూడంగుళాలు ఉండాలని నోటీసు పెట్టారు. ఆ పిల్ల అయిదూ రెండు దగ్గర మొండికేసి కూర్చుంది. జట్టంటేనేమో ప్రాణం. వెతగ్గా వెతగ్గా ఫోనులో బైనారల్ బీట్స్ అనే సంగీతం దొరికింది. కుడి చెవిలో ఒక మోత, ఎడమ చెవిలో కాస్త తేడాగా ఇంకో మోత వినిపిస్తే, మెదడు రెంటినీ కలుపుకొని ఎముకలను సాగమని పురమాయిస్తుందట.

రోజూ గంటసేపు కళ్లు మూసుకుని వినేది. ఆదివారం తండ్రి స్నానానికి వెళ్లగానే తల్లి ఆయన ఎనభై అంగుళాల టేపు మేకు మీంచి తీసి, కూతుర్ని గోడకు నిలబెట్టి కొలిచేది. మొదటి వారం పావంగుళం పెరిగింది. రెండో వారం ఇంకో పావు. తల్లికి నోట్లో నువ్వుగింజ నానదాయె, సాయంత్రానికల్లా వీధి వీధంతా చెప్పొచ్చింది.

ఇక చూడండి సందడి. ముందు నానమ్మ చేరింది. నెలాఖరుకు మనవరాలు అంగుళం పెరిగితే ఈవిడ అరంగుళమే పెరిగింది. ఇయర్‌ఫోన్ ఒక్క చెవికే పెట్టుకుంటే సగమే పెరుగుతారు కదా అని కోడలు తేల్చేసింది. పక్కింటి పోస్ట్‌మాన్, ఎదురింటి లెక్కల మాస్టారు కూడా వచ్చి విన్నారు, కొలిపించుకున్నారు, పెరిగారు. ముందుజాగ్రత్తగా ప్యాంట్ల మడతలు విప్పించుకున్నారు. టైలరు అడిగినవాళ్లకు అడిగినట్టు విప్పి కుట్టాడే గాని, ఎందుకని ఒక్క మాట అడగలేదు. పాపం పోస్ట్‌మాన్ ఆ వారమంతా వీధులు ఊడ్చుకుంటూ ఉత్తరాలు పంచాడు.

ఎంపిక రోజున కోచ్ గారు అమ్మాయిని గోడ మీది స్కేలు దగ్గర నిలబెట్టి అయిదూ రెండు అన్నారు. పిల్ల మొహం వాడిపోయింది. తల్లి ఊరుకుంటుందా? సంచిలోంచి టేపు తీసి, ఒక కొస కూతురి మడమ కింద తొక్కించి, పైకి లాగి చూపించింది. అయిదూ మూడు. కోచ్ గారు తల పట్టుకున్నారు. అంతలో టైలరు రొప్పుకుంటూ వచ్చాడు.

“ఆ టేపు ఇటివ్వవే, కొట్లో మనుషులు నిలబడున్నారు.”

“ముందు మన పిల్ల ఎంతుందో మీరే చెప్పండి.”

“అయిదూ మూడు చూపిస్తోందా? అయితే అయిదూ రెండు. కొస పీచులు లేస్తుంటే వారం వారం కాస్త కత్తిరిస్తున్నా. అంగుళం పోయింది. నేను తీసేసి లెక్కేసుకుంటాగా.”

తల్లి వంగి మడమ కింది కొస చూసుకుంది. సరిగ్గా అప్పుడే మైదానంలోంచి ఒక బంతి దూసుకొచ్చి ఆమె కాళ్ల దగ్గర పడబోయింది. పిల్ల టేపు వదిలించుకుని దూకి, నేలకు జానెడెత్తులో దాన్ని అందుకుని పైకి లేపింది. కోచ్ గారు తల మీంచి చేతులు తీశారు. వరసగా ఇంకో పది బంతులు వేయించారు. పదీ లేచాయి.

“నోటీసు కింది సగం చదవలేదామ్మా? ఆ మూడంగుళాలు నెట్ దగ్గర ఆడేవాళ్లకి. వెనక బంతి లేపడానికి పొట్టిగా, చురుగ్గా ఉండే పిల్ల కోసం నెల నుంచి వెతుకుతున్నా. రేపట్నించి వచ్చెయ్. నాకు ఈ ఎత్తే కావాలి.”

పిల్ల ఎగిరి గంతేసింది. తల్లి కళ్లు తుడుచుకుంది. టైలరు టేపు మెడలో వేసుకుని, కొట్లో నిలబడ్డ మనుషుల సంగతే మరిచిపోయి నవ్వుతూ ఉండిపోయాడు.

ఇంటికెళ్లే దారిలోనే ఆ పిల్ల ఫోనులోంచి ఆ సంగీతం తీసేసింది, ఎందుకైనా మంచిదని.