ఒత్తిడి లేదని సంతకం

వార్షిక పరీక్షలకు పది రోజుల ముందు కాలేజీ యాజమాన్యం ఒత్తిడిని రద్దు చేసింది. ఆ మేరకు నోటీసు బోర్డులో ఉత్తర్వు కూడా అంటించారు. ‘నాకు ఎలాంటి ఒత్తిడీ లేదు’ అన్న పత్రం మీద సంతకం చేస్తేనే హాల్ టికెట్. జవాబు ఆలోచించే శ్రమ కూడా పిల్లలకు ఉండరాదని, దాన్ని ముందే అచ్చు వేయించారు. యాజమాన్యం దయ అంతటిది.

ఆరు వందల పన్నెండు మంది సంతకాలు చేశారు. వాళ్లలో ఇద్దరు ఆ వెంటనే పరుగెత్తుకెళ్లి వాంతి చేసుకున్నారు గానీ, పత్రాలు శుభ్రంగానే ఉన్నాయి.

మూడో ర్యాంకు ఒక్కతే తప్పు చేసింది. ఆ అమ్మాయికి పేరు లేకపోలేదు. దాన్ని ఇంట్లోవాళ్లు వాడుకుంటారు. వారం రోజులుగా ఆమెకు ముద్ద దిగడం లేదు. చదివిన పేజీ తిప్పగానే మరిచిపోతోంది. ఇన్నాళ్లకు ఎవరో ఒకరు అడిగారు కదా అని కళ్లనీళ్లు తిరిగాయి. ‘లేదు’ కొట్టేసి, ‘కొంచెం ఉంది’ అని రాసింది.

గుమస్తా గుండెల్లో రాయి పడింది. అతని రిజిస్టరులో ‘కొంచెం’కు గడి లేదు. సంగతి ప్రిన్సిపాల్ దాకా వెళ్లింది. తల్లిదండ్రులను పిలిపించారు.

“మన సంస్థలో ఒత్తిడికి తావు లేదు” అన్నారు ప్రిన్సిపాల్ గారు. “ఉన్నట్టు తేలితే కఠిన చర్యలు తప్పవు. ఎల్లుండి సాయంత్రంలోగా తగ్గకపోతే హాల్ టికెట్ ఇవ్వలేం. కాబట్టి కంగారు పడకుండా తగ్గించుకో అమ్మా.”

గోరుచుట్టు మీద రోకలిపోటు. రెండేళ్ల చదువు ఒక్క మాటకు పోయేలా ఉందని అమ్మాయి హడలిపోయింది.

“ఇంతమందికి లేనిది నీకొక్కదానికే ఎక్కణ్ణుంచి వచ్చిందే?” అంది తల్లి. “ఇంట్లో నీకేం తక్కువ చేశాం?”

తండ్రి మాత్రం రెండో ర్యాంకుకు ఇంకా ఎన్ని మార్కులు కావాలో గుమస్తా దగ్గర మెల్లగా వాకబు చేస్తున్నాడు.

అమ్మాయి కొత్త పత్రం అడిగి తీసుకుంది. ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని సంతకం చేసింది. “చూశావా, ఎంత తేలికో!” అని గుమస్తా మెచ్చుకున్నాడు.

మర్నాడు గేటుకు బ్యానర్ కట్టారు: ‘ఒత్తిడి నిర్మూలనలో నూటికి నూరు శాతం’. అది చూసి వచ్చే ఏడాది సీట్లన్నీ వారంలో నిండిపోయాయి.

మీకు నమ్మకం కుదరకపోతే, మీ ఇంట్లో పరీక్షలకు చదువుతున్నవాళ్లను అడిగి చూడండి. పుస్తకంలోంచి తలెత్తకుండా “ఏం లేదు నాన్నా” అంటారు. మీరూ నిశ్చింతగా “అయితే చదువుకో” అని, తలుపు దగ్గరగా వేసి వచ్చేస్తారు.