టీచరమ్మ వరండా దీపవిజయము

వినుడు, వినుడు! అంగళ్ల షట్టర్లు సగము దిగి, వంటిండ్ల కుక్కర్లు రణశంఖములవలె కూయు సాయంసంధ్యావేళ, వరుస ఇండ్ల సందులో ఒక్క గృహము మాత్రము చీకటి ముసుగు తన్ని యుండెను. ఆ చీకటియే ఈ కథకు ప్రతినాయకుడు!

ఆ యింటి యజమానురాలు, రిటైరైన లెక్కల టీచరమ్మ, కూతురి పురిటికై ఆ యుదయమే బయలుదేరుచు, "అన్నయ్యా, ఇల్లు నీకే అప్పగించి వెళ్తున్నా" అని పక్కింటి దర్జీతో పలికెను. పలికి, వరండా దీపము వేయుట మరచెను. గ్రిల్లుకు తాళము వేయుట మాత్రము మరువలేదు. తాళంచెవియు ఆమెతోనే ఊరు పోయెను.

వెనుక సందున చీకటిగానున్న యింటిని మొన్ననే దొంగలు గ్యాసు సిలిండరుతో సహా ఊడ్చుకొనిపోయిరి. అందుచేత బీటు కానిస్టేబులమ్మ గడపగడపకు తిరిగి, ఊరెళ్లినవారి వాకిట దీపము పెట్టు భారము పొరుగువారికి అప్పజెప్పెను. దర్జీ కత్తెర కింద పెట్టి లేచెను. చెల్లెమ్మకు మాట యిచ్చినవాడు తానే గదా!

అంతట ఆ సూచీధరుడు, కర్తరీధురంధరుడు, అఖిల జనుల నడుము కొలతల నెరిగియు పెదవి విప్పని మహాధీరుడు, బూజుకర్రను భుజమున దాల్చి, గ్రిల్లు ఎదుట నిలిచి, లోపలి గోడనున్న స్విచ్చును జూచి యిట్లు గర్జించెను:

"ఓరి స్విచ్చూ! గోడ పట్టుకుని బతికే నీకింత పొగరా? ఒక్క పోటుతో నిన్ను నొక్కకపోతే నేను పేరు మార్చుకుంటాను!"

"పేరు తర్వాత మార్చుకుందురుగానీ, కర్ర విరక్కుండా చూడండి. ఇంట్లో ఉన్నది అదొక్కటే" అని వెనుకనుండి భార్య.

పోటు పక్కగోడకు పడెను. సున్నము రాలెను. కర్ర జానెడు చాలలేదు. ఆ చప్పుడుకు వాకిళ్లు తెరచుకొనెను. బీటుకు వచ్చిన కానిస్టేబులమ్మయు స్కూటరు దిగెను.

"ఏంటి బాబాయ్, అందట్లేదా? నా లాఠీ కట్టి చూడండి."

దర్జీ మెడలోని కొలత టేపును తీసి, బూజుకర్ర కొసకు లాఠీని బిగించి కట్టెను. కానిస్టేబులమ్మ గురి చూచెను. భార్య టార్చి పట్టెను. "ఎడమకి! ఇంకా ఎడమకి! అబ్బ, అది కాదయ్యా!" అని మూలయింటి తాతగారు సేనాధిపత్యము వహించిరి. మరల పొడువగా ఫ్యాను గిరగిర తిరిగెను. సందంతయు గొల్లుమనెను.

"తిరగనివ్వండి బాబాయ్. ఇంట్లో మనిషున్నట్టే ఉంటుంది."

మూడవ పోటున టక్కుమనెను. దీపము వెలిగెను!

దర్జీ వెంటనే ఫోను చేసెను. "అమ్మాయి ఎలా ఉందమ్మా? ఇక్కడేం దిగులు పెట్టుకోకు. లైటు వేసే ఉంచాం."

అప్పుడు కానిస్టేబులమ్మ మెల్లగా అనెను. "పొద్దున్నే ఆపాలి మరి. పట్టపగలు లైటు వెలుగుతుంటే, ఇంట్లో ఎవరూ లేరని దొంగలకి మనమే చెప్పినట్టు."

తాతగారు మెట్టుమీద చతికిలబడిరి.

"ఎన్నాళ్లు?"

"టీచరమ్మగారు వచ్చేదాకా."

"అయ్యో రామా! పురుడంటే మూడు నెలలు!" అని భార్య నెత్తి కొట్టుకొనెను.

దర్జీ ముడి విప్పి లాఠీ తిరిగి యిచ్చెను. "తెల్లారగానే వచ్చెయ్ తల్లీ. టేపుతో ఇక్కడే నిలబడి ఉంటాను."

ఇట్లు పోలీసు బలమును, పొరుగు బలమును, మూడు మూరల టేపును ఏకమై ఒక్క బల్బును జయించెను. ఆ రేయి ఆ సందున ఒక్క చెంచా కూడ పోలేదు. జయోస్తు!