అడగకుండా పోసిన బీరు

ఏ దేశంలో బీరు ఎంత ఖర్చవుతుందో అక్కడి తిండీ, జనం వయసులూ చూసి చెప్పేయవచ్చని లెక్కల మాస్టారు ఒక వ్యాసం రాశారు. మాంసం తినే కుర్రాళ్లు ఎక్కువున్న చోట బీరు పారుతుంది, కూరగాయలు తినే ముసలివాళ్లు ఎక్కువున్న చోట సీసా మూత ఊడదు, అదీ సారాంశం. తాను చుక్క ముట్టరు కనుక, ఉదాహరణగా చివర్లో తన ఇంటినే చూపించి, దానికెదురుగా దర్జాగా సున్నా వేసుకున్నారు.

ఆ వ్యాసం నచ్చితేనే కాలేజీలో ఆయన ఉద్యోగం ఖాయం. నచ్చాల్సింది దాన్ని పరీక్షించడానికి పరదేశం నుంచి వచ్చిన పెద్దావిడకి. ఆవిడనీ, వేరే దేశంవాడైన ఆవిడ శిష్యుణ్ణీ ఆదివారం భోజనానికి పిలిచారు. పొద్దున్నే సంచీ పట్టుకుని బయల్దేరుతుంటే, ఏం తింటారో, ఏం తాగుతారో ఒక్క ఫోన్ చేసి కనుక్కోమంది భార్య.

"అడగడమెందుకే? నా దగ్గర లెక్కలున్నాయిగా," అన్నారు మాస్టారు.

లెక్క ప్రకారమే బల్ల సర్దారు. శిష్యుడిది మాంసం తినే దేశం, పైగా వయసులో ఉన్నాడు. అతని ముందు మాంసం కూర, మూడు బీరు సీసాలు. పెద్దావిడది ఆకులూ కాయలూ తినే దేశం, డెబ్భై దాటాయి కూడా. ఆవిడ ముందు ఉడికించిన కూరగాయలు, గోరువెచ్చని పాలు.

కుర్రాడు గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. మొహమాటం కాబోలనుకుని మాస్టారు బతిమాలారు. మీ దేశంలో మీ వయసువాళ్లు ఏడాదికెంత తాగుతారో నాకు తెలుసులెండి అంటూ, ఆ చెయ్యి తప్పించి మరీ పోశారు.

"వద్దండీ. నా వాటా ఎప్పుడో తాగేశాను. మానడానికి ఆస్పత్రిలో చేరాల్సొచ్చింది," అన్నాడు కుర్రాడు తల దించుకుని.

మాస్టారికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. సీసా దాచేద్దామనే కంగారులో లాగితే అది కాస్తా మాంసం కూరలోకి ఒలికింది. కూర మార్చి తెస్తానంటే, అసలు తాను మాంసమే తిననన్నాడు కుర్రాడు. అందాకా పాలగ్లాసు వంక దిగులుగా చూస్తున్న పెద్దావిడ గొంతు సవరించుకున్నారు.

"ఆ కూర ఇటు జరుపు నాయనా. ఒక సీసా కూడా."

ఆవిడ రెండూ ఖాళీ చేశారు. పాలు కుర్రాడు తాగాడు. వెళుతూ గుమ్మం దగ్గర ఆగి ఆవిడ, ఉద్యోగం ఖాయం చేయమని నిన్ననే రాసేశాననీ, వ్యాసం అచ్చుకు కూడా పంపేశాననీ చెప్పారు.

"దేశాల సంగతి నీకు బాగానే తెలుసు. మనుషుల్ని మాత్రం అడుగుతూ ఉండు," అన్నారు.

ఉద్యోగం వచ్చిందన్న సంతోషం ఇసుమంతైనా లేదు. మాస్టారు తలెత్తకుండా గిన్నెలు తోముతుంటే వెనక మూత ఊడిన చప్పుడైంది. భార్య మిగిలిన సీసాను గ్లాసులోకి ఒడుపుగా, నురగ పొంగకుండా వంచుకుంటోంది.

"నువ్వు... తాగుతావా?"

"పెళ్లికి ముందు నుంచీ ఇష్టమే. మీరెప్పుడైనా అడిగారా?"

అచ్చుకు వెళ్లిన వ్యాసంలో ఆ ఇంటికెదురుగా సున్నా ఉంది.