బిరాగో కన్నీళ్ళు, అడోమాకో మాత్రలు

కంటి మాత్రలను తిట్టేవాళ్ళ నోళ్ళు పడిపోవాలి! చేప నూనె, బంతిపువ్వు సారం, క్యారెట్ రంగు అన్నీ ఒక్క గోళీలో కూరి, నోట్లో వేసుకుంటే సరాసరి కంట్లోకి నడిచి వెళ్ళే ఏర్పాటు చేసిన మహానుభావులను తిట్టడానికి మనసెలా వస్తుందండీ? మధ్యలో పొట్ట అడ్డం రాదా అని అడిగేవాడు చదువెక్కువైన మూర్ఖుడు.

మా కుమాసీ పట్నంలో ఆ మహానుభావుడి పేరు అడోమాకో. అంతకు ముందు పాత టైర్లు అమ్మేవాడు. టైరు పేలితే జనం తెచ్చి మొహాన కొట్టేవారు. కళ్ళు పోయినవాళ్ళకైతే షాపే కనబడదు, ఇక ఎక్కడికని తిరిగొస్తారు? ఈ తేడా గ్రహించడం సామాన్యుల వల్ల అవుతుందా?

ఇక బిరాగో. చావు ఇళ్ళలో ఏడవడం ఆమె వృత్తి. నవ్వకండి! మా ఊళ్ళో శనివారం వచ్చిందంటే వీధి వీధినా టెంట్లు, ఇంటంత స్పీకర్లు, ఎరుపూ నలుపూ బట్టల్లో బంధువులు, వాళ్ళకు భోజనాలు. ఆ హడావుడిలో అయినవాళ్ళకు ఏడవడానికి తీరికెక్కడిది? అందుకని బిరాగోను పిలిపిస్తారు. "నన్నెవరికి అప్పజెప్పి పోయావు నాయనా!" అని ఆమె నేలకూలితే, పోయినవాడి పగవాళ్ళు కూడా కళ్ళొత్తుకునేవారు.

ఆ ఏడు ఎడారి దుమ్ముగాలి విడవకుండా వీచింది. బిరాగో కళ్ళు ఎండిపోయాయి. ఇసుక పోసినట్టు గరగర, మంట, ఎరుపు. నోరు ఏడుస్తోంది, చేతులు గుండెలు బాదుకుంటున్నాయి, కళ్ళు మాత్రం ఎవరి చావో అన్నట్టు చూస్తున్నాయి.

"ఏమమ్మోయ్, సగం ఏడుపు ఇంట్లో దాచుకొచ్చావా?" అని ఒకావిడ అందరి ముందూ అనేసింది. దాంతో బిరాగో అడోమాకో షాపుకు పరుగెత్తింది.

"నీ కంట్లో నూనె అయిపోయిందక్కా," అన్నాడతను టార్చిలైటు వేసి చూసి. "ఇంజన్లో ఆయిల్ అయిపోయినట్టు."

"మరి కన్నీళ్ళు ఎప్పటికొస్తాయి తమ్ముడూ?"

"మొదటి డబ్బాకి కన్ను మేలుకుంటుంది. రెండోదానికి తడి తగుల్తుంది. మూడోది అయ్యేసరికి ఆపమన్నా ఆగవు! మా అమ్మకీ ఇవే వేస్తున్నా."

కన్నతల్లికి వేస్తున్నానన్నాక అనుమానించేవాడు మనిషేనా? బిరాగో మూడు డబ్బాలూ మింగింది. ఫలితం కనబడింది కూడా. ఆమె తేన్చినప్పుడల్లా చేపల బజారు వాసన వచ్చి, చావు ఇళ్ళలో జనం తప్పుకుని దారిచ్చేవారు.

"తమ్ముడూ, తేన్పులొస్తున్నాయి గాని కన్నీళ్ళు రావడం లేదు."

"అదేగా గుర్తు! మాత్ర పైకెక్కుతోంది. ఇప్పుడాపితే మధ్యలోనే దిగిపోతుంది."

ఇంతలో అడోమాకో తండ్రి పోయాడు. కొడుకు ఏ లోటూ చెయ్యలేదు. టెంటు గుడ్డల మీద మాత్రల డబ్బా బొమ్మ వేయించాడు. బిరాగోకు స్వయంగా కబురు పెట్టాడు: "నువ్వే రావాలక్కా. మా మాత్ర వాడుతున్నావని అందరికీ తెలుసు. నలుగురూ చూస్తారు."

పితృభక్తిలో ఇంత ముందుచూపు మీరెక్కడైనా చూశారా?

బిరాగో భయపడుతూనే వెళ్ళింది. కొంగున ఉల్లిపాయ ముక్క ముడేసుకుంది. శవాన్ని అలంకరించిన మంచం మీద పడుకోబెట్టారు. అప్పుడే అడోమాకో తల్లి డూఫీ అవ్వను ఎవరో చెయ్యి పట్టుకు తీసుకొచ్చి వదిలేసి వెళ్ళారు. ముసలావిడ మంచం తడుముకుంది. చేతికి శవానికి తొడిగిన చెప్పులు తగిలాయి.

"ఇవి కాళ్ళా? మొహం ఎటుందర్రా?"

బిరాగో ఆ చేతిని పట్టుకుని మొహం దగ్గర పెట్టింది. డూఫీ అవ్వ నుదురు, ముక్కు, గడ్డం వేళ్ళతో నిమిరింది.

"ఏ రంగు బట్ట కట్టారమ్మా?"

"నీలం అవ్వా. బంగారు అంచు."

"ఈయన మొహం చూసి రెండేళ్ళయిందే. కళ్ళకి పొర కమ్మింది. ఇంకొక్క డబ్బా వాడితే కరిగిపోతుందమ్మా అంటాడు అబ్బాయి. ఆ డబ్బా అయ్యేదాకా ఈయన ఆగలేదు."

ఉల్లిపాయ ముడి విప్పే అవసరం రాలేదు. బిరాగో నేలకూలలేదు, గుండెలు బాదుకోలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతూనే ఉన్నాయి.

అడోమాకో చూడనే చూశాడు. మైకు అందుకున్నాడు. "బంధువులారా! ఎండిపోయిన కళ్ళు! ఇదిగో, మా మాత్ర మహిమ!"

బిరాగో గబగబా వెళ్ళి మైకు లాక్కుంది. "మీ అమ్మకి కళ్ళు కనబడవురా! ముందు ఆ మహిమ చెప్పు!"

స్పీకర్లు ఆ మాటను వీధంతా వినిపించాయి. ఎవరు విన్నారు? "దుఃఖంలో మతి చెదిరింది పాపం," అన్నాడు అడోమాకో. జనం మాత్రం ఆమె చెంపలే చూశారు. సాయంత్రానికి డబ్బాలన్నీ అమ్ముడుపోయాయి!

సోమవారం పొద్దున్నే బిరాగో అవ్వను కంటి ఆసుపత్రికి బయల్దేరదీసింది. "ఆపరేషన్ చేయిస్తే మన వ్యాపారం ఏం కావాలి?" అని కొడుకు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"తప్పుకోరా. నువ్వెక్కడ నిలబడ్డావో కనబడట్లేదు, తొక్కేస్తాను," అంది తల్లి.

డాక్టరమ్మ బిరాగోకు చుక్కల మందిచ్చి, దుమ్ములో తిరిగేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకోమంది. అవ్వ కళ్ళు చూసి, "రెండేళ్ళ కిందటే వచ్చుంటే ఎంతసేపు పని అవ్వా?" అంది. ఆపరేషన్‌కి తేదీ రాసిచ్చింది.

కొన్ని వారాలకు రెండు కళ్ళకూ చూపొచ్చింది. ఆసుపత్రి నుంచి వ్యానులో వస్తుంటే కూడలిలో పెద్ద బోర్డు కనబడింది. డబ్బా పట్టుకుని నవ్వుతున్నాడొక బుగ్గలాయన.

"ఎవడే అది? ముక్కు అచ్చం మా ఆయనదే."

"మీ అబ్బాయే అవ్వా. ఈ రెండేళ్ళలో బుగ్గలొచ్చాయి."

డూఫీ అవ్వ కిటికీలోంచి ఆ ముక్కునే చూసింది. "కింద ఏం రాశారు?"

"'మా అమ్మకు చూపు తెప్పించిన మాత్ర ఇదే' అని."

ఇందులో అబద్ధమేముంది పాఠకులారా? మాత్రలు మింగింది, చూపొచ్చింది. మధ్యలో జరిగిన ఆపరేషన్ పట్టుకుని వేలాడటం అసూయ కాక మరేమిటి?

డూఫీ అవ్వ వ్యాను ఆపించి దిగింది. బోర్డు కింద నిలబడి, కాలి చెప్పు తీసి ఆ నవ్వే నోటికి గురి చూసి విసిరింది. అది బుగ్గ దాకా వెళ్ళి పడిపోయింది. రెండోదీ తప్పింది.

బిరాగో తన చెప్పులు విప్పి ఆమె చేతికిచ్చింది.