మామగారి ముఖంలో గళ్ళు

పది గంటలకల్లా మామగారి ఫొటో బాగుచేసి అత్తగారి చేతిలో పెట్టేయాలని అల్లుడు పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఫొటోల ఫైళ్ళను కుదించడమే అతని ఉద్యోగం. పోయిన మామగారిది ఇంట్లో మిగిలింది ఆ ఒక్క ఫొటోయే, దాన్నిండా అడ్డచారలు. అత్తగారేమో రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. పెళ్ళయి ఆరేళ్ళయినా ఆవిడ పిలిస్తే అతను లేచి నిలబడే పలుకుతాడు.

స్కాన్ చేశాక, ఇంకా దుమ్ముందని ఫొటోను తడిగుడ్డతో తుడిచాడు. ముఖం గుడ్డకు వచ్చేసింది. పోనీలే, స్కాన్ ఉందిగా అని తనకు తనే ధైర్యం చెప్పుకున్నాడు.

లెక్కలు కట్టి ఆ బొమ్మను వెలుగునీడల అలలుగా విడగొట్టాడు. పెద్ద అలల్లో ముఖం ఉంటుంది, చిన్న అలల్లో గీతలూ వెంట్రుకలూ ఉంటాయి. చారలు పుట్టించే అలను ఏరి పారేసి మిగతావి కలిపితే చారలు మాయమయ్యాయి. అంతటితో లేచిపోతే ఏ గొడవా లేదు. చెయ్యి ఊరుకోదే! ఆఫీసు అలవాటు కొద్దీ కుదించే ప్రోగ్రాం కూడా నడిపాడు. అది అతను స్వయంగా రాసుకున్నదే. బొమ్మను గళ్ళుగా కోసి, కంటికి ఆనని చిన్న అలలన్నీ తీసేసి, పాత ఫైలు మీదే కొత్తది రాసేస్తుంది. నిన్న పరీక్ష కోసం దాన్ని మరీ గట్టిగా పిండేలా పెట్టి, మళ్ళీ మార్చడం మరిచిపోయాడు.

తెర మీద మామగారు లేరు. బూడిదరంగు గళ్ళున్నాయి. పారేసిన అలలు ఇక తిరిగి రావు. గళ్ళ అంచులు నునుపు చేయబోతే ఉన్న కాస్త ముక్కూ పోయింది, హడలిపోయి దాన్ని రద్దు చేశాడు. అలికిడికి వచ్చిన భార్య తెర చూసి తెల్లబోయింది. "అమ్మకి నువ్వే చెప్పుకో. నేను వంటింట్లో ఉంటా" అని గొణిగి జారుకుంది.

భార్య అటు వెళ్ళగానే అత్తగారు ఇటు వచ్చింది. "ఏమయ్యా, అయిందా?"

అల్లుడు లేచి నిలబడ్డాడు. తడిగుడ్డతో సహా అంతా ఒప్పేసుకున్నాడు. ఆవిడ కళ్ళజోడు తీసి, నీళ్ళు నిండిన కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటూనే, కళ్ళజోడు లేకుండా తెరకేసి చూసి ఆగిపోయింది.

"ఇదిగో, వచ్చారు" అంది మెల్లగా. "కసురుకోబోయి నవ్వేసేవారు. అప్పుడు అచ్చం ఇలాగే ఉండేవారు."

అల్లుడు నమ్మలేక కళ్ళు చికిలించి చూశాడు. గళ్ళ అంచులు కరిగిపోయి మామగారు నిజంగానే నవ్వుతున్నారు. పెద్ద అలలు చెక్కుచెదరలేదన్నమాట.

"ఇలాగే ఫ్రేం కట్టించు. ఇంకేమీ ముట్టుకోకు" అని అత్తగారు ఆజ్ఞాపించింది.

ఇప్పుడా పటం హాల్లో ఉంది. దాని ముందు నిలబడ్డప్పుడల్లా అల్లుడు కళ్ళు సగం మూసుకుంటాడు, అత్తగారు దాన్ని భక్తి అనుకుంటుంది.